మోట కుట్టు



మన డయాసిస్ నూరేండ్ల పండుగకు బడి హాలులో ఏర్పాటు చేసిన పాత వస్తువుల ప్రదర్శనను మీలో చాలమంది చూచే ఉంటారు. ప్రతి వస్తువు ముందర ఒక తెల్లని చీటీ, దాని మీద నల్ల సిరాతో అయిదు వరుసలు ఉండెను గదా. ఆ చీటీలు వ్రాసినవాడను నేనే. చేతివ్రాత కొంచెం బాగుంటుందని పెద్దలు ఆ పని నాకు ఒప్పగించారు. వస్తువు పేరు, ఎవరింటిది, ఎప్పటిది, ఎవరు ఇచ్చినది, ఇప్పటి స్థితి - ఇవీ ఆ అయిదు వరుసలు. మూడు దినములు కూర్చుండి వ్రాశాను. అందులో ఒక చీటీ తప్పుగా వ్రాశాను. ఆ తప్పు ఎట్లు బయటపడిందో చెప్పటానికే ఈ వ్యాసము.

మొదట వచ్చిన వస్తువులను గూర్చి రెండు మాటలు. కంచు కంచాలు, ఇత్తడి చెంబులు, మరచెంబులు లెక్కకు మించి వచ్చినవి. ట్రంకు పెట్టెలు, హరికేన్ లాంతరులు, చేతి గంటలు, ఒక హార్మోనియం పెట్టె, ఒక గ్రామఫోను, దొరగారు కూర్చున్న పేము కుర్చీ, దొరసానమ్మగారు కుట్టు నేర్పిన చెక్క చట్రము వచ్చినవి. పెండ్లి ఫోటోలకు ఒక బల్ల చాలక రెండు బల్లలు వేశాము. పెట్రోమాక్స్ లైట్లు నాలుగు వచ్చినవి. ఇప్పటి పిల్లలు వాటి చుట్టూ మూగి, ఇది ఎట్లా వెలుగుతుందని అడిగారు. జర్మనీలో 1910 ప్రాంతంలో పుట్టిన ఆ దీపం మన పల్లెల్లో క్రిస్మస్ రాత్రికి ఎంత అవసరమో వారికి చెప్పటం కష్టమే. గాలి కొట్టి, మాంటిల్‌కు నిప్పు అంటించి, అది 'సుయ్' మని తెల్లగా వెలిగే దాకా ఊపిరి బిగబట్టి చూచినవారికే ఆ సంగతి తెలుసు. ఆ మాంటిల్‌ను ఎవడైనా వేలితో ముట్టుకుంటే బూడిదై రాలిపోయేది. ఆ తరువాత ఆ రాత్రి భజన అంతా లాంతరు వెలుగులోనే! ఆ తిట్లు తిన్నవారిలో నేనూ ఒకడిని.

తెలుగు బైబిళ్ళు కూడ చాల వచ్చినవి. వాటికి చీటీలు వ్రాయటం నాకు సులువైంది, ఎందుకంటే ఆ చరిత్ర చదువుకున్నాను. క్రాన్, డెగ్రాంజ్ అనే ఇద్దరు లండన్ మిషను దొరలు 1805లో విశాఖపట్నం చేరటం, ఆనందరాయరు అనే పండితుని సాయంతో సువార్తలను తెనిగించటం, అవి 1812లో శ్రీరాంపురంలో అచ్చు కావటం, ప్రిచెట్ దొరగారి తెలుగు క్రొత్త నిబంధన 1818లో వెలువడటం - ఇవన్నీ చూడకుండ వ్రాయగలను. వేదాంత కళాశాలలో నైసియా సభ 325లోను, కల్కెదోను సభ 451లోను జరిగినవని కంఠస్థం చేసినవాడను. మా తాత ఏ బావికి నీళ్ళు తోడే సంచి కుట్టేవాడో అక్కడ ఎవరూ నన్ను అడుగలేదు. నేనూ మా నాయనను అడుగలేదు.

ఆ బైబిళ్ళలో మా ఇంటిది ఒకటి. మా నాయనమ్మ పెండ్లినాడు దొరసానమ్మగారు ఇచ్చిన బహుమానమది. మా వంశములో అక్షరము నేర్చిన మొదటి మనిషి ఆమెయే. బోర్డింగు బడిలో రెండేండ్లు చదివింది. ఆమె ట్రంకు పెట్టె మూత తీస్తే కర్పూరము, వేపాకు కలిసిన వాసన వచ్చేది. అడుగున ఒక గుడ్డముక్కలో చార్మినారు బొమ్మ ఉన్న నిజాము కాలపు హాలీ నాణెములు మూడు, పైన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము, దాని పైన ఈ బైబిలు. కీర్తనల పుస్తకము ఆమె తెరవగా నేను చూడలేదు. పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు ఆమెకు నోటికి వచ్చును. పుస్తకము మర్యాద కొరకే.

ఆ ఇంట్లో పొయ్యి ప్రక్కన చిన్న మంటికుండ ఒకటి ఉండేది. వంటకు గింజలు కొలిచినప్పుడెల్ల అందులోనుండి ఒక పిడికెడు తీసి ఆ కుండలో వేసేది. ఆదివారమునాడు దానిని కొంగులో పోసుకొని గుడికి తీసుకొనిపోయేది. పిడికెడు బియ్యము అని అందరము అంటాముగాని, అది చాల ఇండ్లలో పిడికెడు జొన్నలే. బియ్యపు అన్నము పండుగనాటి మాట. ఇంట్లో గింజలు అడుగంటిన దినమున కూడ ఆమె చెయ్యి ఆ కుండ మీదికి పోయి వచ్చేదని మా నాయన చెబుతాడు. ఆ దినములలో పిడికిలి కొంచెం బిగించేదట, అంతే. మన సంఘములలో గురువులకు, ఉపదేశకులకు జీతము చాలభాగం ఇటువంటి పిడికిళ్ళనుండే వచ్చిందని మీకు తెలియనిది కాదు. కోత పండుగనాడు ఇచ్చే కోడి, గుమ్మడికాయ, మొదటి కంకులు, వాటికి జరిగే వేలంపాట కూడ అటువంటివే. ఒక కోడిగుడ్డు పాటలో నలుగురి చేతులు మారి, మరల మరల గుడికే కానుకగా వచ్చి, చివరకు కోడి ధర పలికేది. పాడినవాడు ఆ గుడ్డును పగులకుండ ఇంటికి తీసుకొనిపోవటం ఇంకొక తమాషా.

నాయనమ్మ తరచుగా చెప్పే సంగతి ఇంకొకటి ఉన్నది. 1939 జనవరి 6న డోర్నకల్‌లో ఎపిఫనీ దేవాలయ ప్రతిష్ఠకు మా ఊరినుండి బండ్లు కట్టుకొని పోయారట. మా నాయన అప్పటికి చంటిపిల్లవాడు. జొన్నరొట్టెలు, ఉల్లిగడ్డలు మూట కట్టుకొని, రాత్రంతా ప్రయాణము చేసి, తెల్లవారుజామున చలికి వణుకుచు ఆ గుమ్మటములను చూచారట. 1912లో బిషప్పు అభిషేకము పొంది మన డయాసిస్‌కు మొదటి అధ్యక్షులైన అజరయ్యగారు ఆ కట్టడమునకు గుళ్ళవలె రాతి స్తంభములు, మసీదులవలె గుమ్మటములు కలిపించారు. "మన దేశపు దేవుని ఇల్లు మన దేశపు ఇల్లు లాగనే ఉన్నది" అని నాయనమ్మ అనేది. ఈ మాట గుర్తుంచుకొనండి, తరువాత పనికి వస్తుంది.

ఇక మా తాత సంగతి. ఈ మాట సంచికలో వ్రాయవచ్చునా అని కొంత ఆలోచించాను. వ్రాయకపోతే ఈ వ్యాసమే అక్కరలేదు. మా తాత మాదిగ. తోలు పని చేసేవాడు. మా ఇంటి వెనుక చింతచెట్టు క్రింద లంద ఉండేది. పచ్చి తోలును సున్నపు నీళ్ళలో నానవేసి, వెంట్రుకలు గీకి, తంగేడు చెక్క దంచి కలిపిన నీళ్ళలో దినముల తరబడి ఊరవేసేవారు. ఆ వాసన భరించలేనిదని ఊరంతా ముక్కు మూసుకొనేది గాని, ఆ వాసన లేకపోతే ఊరికి నీళ్ళు లేవు. ఎందుకంటే అప్పుడు పొలములకు నీరు మోటతో తోడేవారు. మోట అంటే పెద్ద తోలు సంచి. దాని క్రిందిభాగమున తొండము. ఎడ్లు పల్లమునకు నడిస్తే మోట నిండుగా పైకి వస్తుంది, తొండము వదలగానే నీళ్ళు కాలువలో పడతవి. ఎడ్లు వెనుకకు నడిస్తే మోట బావిలోకి దిగుతుంది. తెల్లవారకముందే మోట బావుల దగ్గర పాటలు వినిపించేవి. ఆ సంచిలో ఒక్క కుట్టు వదులైతే సగము నీళ్ళు మరల బావిలోనే.

ఇంత పనికి కళ్ళములో ఇచ్చే మేర గింజలే కూలి. దొరల గడీలకు ఇవ్వవలసిన చెప్పులకు, తోలు పట్టీలకు, మోటలకు ఆ గింజలు కూడ లేవు. అది వెట్టి. నిజాము రాజ్యములో తెలంగాణ పల్లెలలో వెట్టి ఎట్లుండెనో మన పెద్దలు మరచిపోలేదు. తాత చేసిన చెప్పులు తొడుగుకొన్న దొర ముందర తాత చెప్పులు విడిచి నిలుచుండవలెను. కనుక ఆ పనిముట్లను మన ఇండ్లవారు ముచ్చటగా దాచుకొనలేదంటే తప్పు పట్టటానికి నాకు నోరు రాదు.

డప్పు విషయము కూడ అంతే. మా తాతకు ఒక డప్పు ఉండేది. చెక్క చట్రానికి తోలు బిగించి, నిప్పు సెగ చూపి, ఒక చేత చిర్ర, ఒక చేత చిటికెన పుల్ల పట్టుకొని వాయిస్తే ఆ దరువు మూడు ఊళ్ళకు వినిపించేదట. కాని ఆ డప్పు ఎవరి ఇష్టము మీద మ్రోగేది? ఊరి జాతరకు, దొర చాటింపుకు, శవము వెంట - పిలిచినప్పుడు పోవలెను, పోకపోతే దెబ్బలు. మన సంఘములే కాదు, ఒంగోలు బాప్టిస్టువారి చరిత్ర చూచినా ఇదే. అక్కడ మొదట సువార్తను పల్లె పల్లెకు మోసిన ఎర్రగుంట్ల పెరయ్యగారు తోళ్ళ వ్యాపారియే. ఆయన 1866లో బాప్తిస్మము పొందాడు. ఆయన వెంట వచ్చినవారు గ్రామ జాతరలకు డప్పు కొట్టమని చెప్పి ఎన్నో శ్రమలు పడ్డారు. 'కొట్టము' అనటమే వారి మొదటి సాక్ష్యము. ఆ తెగువ లేకపోతే మనము ఇక్కడ లేము.

అయితే వారు కొట్టము అన్నది ఇంకొకరి ఆజ్ఞకు. తరువాతి తరము ఆ డప్పునే విడిచింది. రెంటికీ భేదమున్నదని నాకు చాల ఆలస్యముగా తోచింది. గుడి స్తంభములను దేవాలయములోకి తెచ్చిన అజరయ్యగారి డయాసిస్‌లోనే, మా ఇంటి డప్పు మా ఇంటి గోడకు కూడ పనికిరాకుండా పోయింది. అప్పటి మా గురువుగారు ఒకరు "ఇంకా ఇది ఎందుకయ్యా" అన్నారట. ఆయనను నేను తప్పు పట్టను, ఆ కాలమున అందరూ అట్లే అనేవారు. నేను ఆ స్థానములో ఉన్నా అదే మాట అనేవాడినేమో.

డప్పును పారవేసినది మా నాయనే. ఈ సంగతి ఆయన నోటనే విన్నాను. 1964లో ఆయనకు పెండ్లి సంబంధము వచ్చింది. అప్పటికి ఆయన ట్రెయినింగు ముగించి మిషను బడిలో ఉపాధ్యాయుడు. పిల్లవైపువారు మూడు తరముల చదువున్నవారు, ఇల్లు చూడ వస్తామన్నారు. ముందటి రాత్రి నాయన ఇల్లంతా సర్దాడు. గోడలకు సున్నము వేశాడు, క్యాలెండరు తగిలించాడు, దొరసానమ్మగారి బైబిలును బల్ల మీద కనబడేటట్లు పెట్టాడు. గోడకున్న డప్పు తీసి, రంపె, గూటముతో సహా లంద గుంటలో వేసి మన్ను కప్పాడు. తాత అరుగు మీద కూర్చుండి అంతా చూచాడట. ఒక్క మాట అనలేదు. ఆ సంబంధము కుదిరింది - ఆమె మా అమ్మ. ఆ సంవత్సరము క్రిస్మస్ రాత్రి కోలాటము జరుగుతుంటే తాత బయటకు రాలేదట. కొన్నేండ్లకు కరెంటు మోటార్లు వచ్చి, మోట బావులు కూడ పడిపోయినవి. నేను ఇంటిలో చివరివాడను. నాకు తెలిసిన తాత అరుగు మీద చుట్ట త్రాగే ముసలివాడు మాత్రమే. ఆయన చేతివ్రేళ్ళు అంత గట్టిగా ఎందుకున్నవో అడగాలని కూడ నాకు తోచలేదు.

ప్రదర్శన చివరి దినమున మా నాయన కర్ర పట్టుకొని వచ్చాడు. బల్లలన్నీ నిదానముగా చూచాడు. బైబిళ్ళ దగ్గర ఆగి, కళ్ళజోడు సవరించుకొని, మా ఇంటి బైబిలు ముందరి చీటీ చదివాడు. అయిదవ వరుస దగ్గర ఆగిపోయాడు. నేను వ్రాసినది ఇది: "అట్ట చెడిపోయి, వెనుక మోటుగా కుట్టబడినది."

చాలసేపటికి అన్నాడు: "ఈ కుట్టు ఎవరిదో నీకు ఎరుకేనా?"

ఎరుగనన్నాను.

"మోటు కుట్టు కాదు నాయనా, ఇది మోట కుట్టు."

అక్కడే బెంచీ మీద కూర్చుండి చెప్పాడు. 1948లో రజాకార్ల అలజడిలో మా ఊరివారు కొందరు సరిహద్దు దాటి కృష్ణా జిల్లాలోని చుట్టముల ఊళ్ళకు పోయారు. మా వారూ పోయారు. నాయనకు అప్పుడు పదేండ్లు. ట్రంకు పెట్టె ఇంట్లోనే పాతిపెట్టి, బైబిలును మాత్రము నాయనమ్మ బట్టల మూటలో పెట్టుకొన్నది. దారిలో వాన. మూట తడిసి బైబిలు వెన్ను ఊడిపోయింది, పుటలు విడిపోయినవి. ఆ సెప్టెంబరులో పోలీసు చర్య జరిగి అంతా సద్దుమణిగిన తరువాత ఇంటికి వచ్చి, ఎండలో పుట పుటా ఆరబెట్టారు. నాయనమ్మ వరుస చదివి ఒక్కొక్క పుట అందిస్తే, చదువు రాని తాత కుట్టాడు. మైనము పట్టించిన దారముతో, ఒకే రంధ్రము గుండా ఇటునుండి ఒకసారి, అటునుండి ఒకసారి. నీళ్ళు కారకుండ మోటకు వేసే కుట్టు అది. ఒక ప్రోగు తెగినా రెండవది పట్టుకొని ఉంటుంది. కుట్టుతూ కుట్టుతూ పై అట్ట తోలును బొటనవ్రేలితో రుద్ది చూచి, "మేకతోలే గాని, మన తంగేటి చెక్కలో ఊరింది కాదు" అన్నాడట.

నేను ఆ బైబిలును చిన్ననాటినుండి వందలసార్లు పట్టుకొన్నాను. దానినుండి వాక్యము చదివి ప్రసంగములు చేశాను. ఒక్క పుట ఊడలేదు. ఎందుకు ఊడలేదో ఆ బెంచీ మీద కూర్చున్నప్పుడు తెలిసింది. ఆ నాలుగవ వరుసలో "దొరసానమ్మగారు ఇచ్చినది" అని అందముగా వ్రాసి, అయిదవ వరుసలో మా తాతను మోటువానిగా వ్రాసినవాడను నేను.

అప్పుడు హాలు చుట్టూ మరల చూచాను. మూడు దినములలో నేను వ్రాసిన చీటీల నాలుగవ వరుసలన్నీ జ్ఞాపకమునకు వచ్చినవి. దొరగారు ఇచ్చినది. మిషనువారు ఇచ్చినది. పట్నములో కొన్నది. ఇచ్చినవారికి నా కృతజ్ఞత తక్కువ కాదు, మన బడులు, ఆసుపత్రులు వారి చెమట. కాని మన చేతులతో మనము చేసుకొన్నది ఏదీ ఆ బల్లల మీద లేదు. మోట లేదు, మగ్గపు నాడె లేదు, డప్పు లేదు. పిడికెడు బియ్యపు కుండ కూడ లేదు! దాని మీద డయాసిస్ అంతా నిలిచిందని నేనే ఎన్నో ప్రసంగములలో చెప్పాను. మా నాయనమ్మ కుండ ఎప్పుడు పగిలిందో, ఎవరు పారవేశారో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. 1994లో మొదలైన మాదిగ దండోరా ఉద్యమము తరువాత డప్పుకు సభలలో, వీధులలో తిరిగి గౌరవము వచ్చింది. మన యౌవనస్థులు కూడ ఇప్పుడు క్రిస్మస్ ఊరేగింపుకు డప్పులు అద్దెకు తెస్తున్నారు. అద్దెకు!

మరునాడు ఉదయము ప్రదర్శన సర్దక ముందే నాయన మరల వచ్చాడు. చొక్కా జేబులోనుండి చిన్న గుడ్డ మూట తీసి నా చేతిలో పెట్టాడు. విప్పి చూస్తే ఆరె. తోలుకు రంధ్రము చేసే ఇనుప మొన, దానికి చెక్క పిడి. పిడి మీద బొటనవ్రేలు ఆనించేచోట గుంట పడి నున్నగా ఉన్నది. డప్పును, రంపెను, గూటమును మన్ను చేసిన ఆ రాత్రి దీనిని మాత్రము తీసి తన ట్రంకు పెట్టెలో సర్టిఫికెట్ల క్రింద దాచాడట. ఎందుకు దాచావని అడిగితే, "బైబిలు కుట్టింది కదా" అన్నాడు. కొంచెము ఆగి, "పారవేయ బుద్ధి కాలేదు" అన్నాడు. ఇన్నేండ్లలో మా అమ్మకు కూడ చూపలేదు.

నేను పాత చీటీ తీసివేసి క్రొత్తది వ్రాశాను. నాలుగవ వరుసలో దొరసానమ్మగారి మాట అట్లే ఉంచాను, అది నిజమే గనుక. అయిదవ వరుసలో, "1948లో ఈ ఇంటివారే మోట కుట్టుతో బాగుచేసినది. ఒక్క పుట ఊడలేదు" అని వ్రాశాను. ఆరెను బైబిలు ప్రక్కన పెట్టి దానికీ ఒక చీటీ వ్రాశాను. ఆ ఉదయము వస్తువులు తీసుకొనిపోవటానికి వచ్చినవారు నలుగురైదుగురు మాత్రమే దానిని చూచారు. అందులో ఒక పెద్దాయన దానిని చేతిలోకి తీసుకొని, బొటనవ్రేలు ఆ గుంటలో ఆనించి చూచి, ఏమీ అనకుండ మరల పెట్టి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు ఆరె మా ఇంట్లో బైబిలు ప్రక్కనే ఉన్నది. లంద గుంట ఉన్నచోట మా చిన్నాయనవారి ఇల్లు లేచింది, కనుక డప్పును వెదకే వీలు లేదు.

మన పాస్టరేటులలో ఎవరి ఇంటి అటక మీదనైనా, ఎవరి దొడ్డిలోనైనా ఇటువంటి వస్తువులు మిగిలి ఉంటే - మోట తొండము గాని, ఆరె గాని, నాడె గాని, పొయ్యి ప్రక్కన పెట్టిన పిడికెడు గింజల కుండ గాని, ఎవరూ చూడకుండ దాచిన డప్పు గాని - దయచేసి నాకు కబురు చేయండి. నేనే వచ్చి చూస్తాను. వ్రాయని చీటీలు ఇంకా ఒక కట్ట మిగిలి ఉన్నవి.